ముప్ఫై రెండో చీటీ

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ కార్డు అందింది. మొత్తం నాలుగు వాక్యాలు. మూడు చలి గురించి. నాలుగోది, "మే రెండున నా దీక్ష" అని. చలి మధ్యలో దాచిపెడితే నా కంట పడదనుకున్నావా? చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు కూడా ఇలాగే పాత పేపర్ల మధ్య పెట్టి సంతకానికి తెచ్చేవాడివి.

దాని గురించి తర్వాత పోట్లాడతాను. ముందు నా సంగతి విను. కాలేజీలో మా తత్వశాస్త్ర విభాగం మూసేశారని రాశాను కదా. ఇరవై ఏళ్లపాటు దేవుడు ఉన్నాడని ఒక గంట, లేడని ఒక గంట పాఠం చెప్పిన మీ అక్కకి ఇప్పుడు దొరికిన ఉద్యోగం ఏమిటో తెలుసా? పెద్దాసుపత్రిలో ప్రార్థన గది చూసుకోవడం. నవ్వుకో, పర్వాలేదు. ఇంటర్వ్యూలో "మీది ఏ మతమండీ?" అని అడిగారు. "ఇంకా తేలలేదండీ" అన్నాను. "అయితే మీరే కావాలి" అన్నారు.

గది రెండో అంతస్తులో, ఎక్స్‌రే గదికీ క్యాంటీనుకీ మధ్య. కిటికీ లేదు. ఒక గోడ పొడవునా అలమర ఉంది. అందులో చాపలు, జపమాలలు, ఐదారు మతాల గ్రంథాలు, ఒక శిలువ, అరచేతిలో పట్టే బుద్ధుడు, బ్యాటరీతో వెలిగే దీపాలు. ఆక్సిజన్ పైపులున్న చోట అగ్గిపుల్ల గీయకూడదు మరి. ఎవరు వస్తే వాళ్లవి బయటికి తీసి పెట్టాలి. వాళ్లు వెళ్లగానే అన్నీ లోపల పెట్టి తలుపు వెయ్యాలి. తర్వాత వచ్చేవాళ్లకి ముందెవరు వచ్చారో తెలియకూడదు. నమాజు అయిన పది నిమిషాలకి పాటల గుంపు వస్తుంది. వాళ్లు వెళ్లగానే కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు వస్తారు. అలా రోజుకి ఇరవై సార్లు ఆ గదిని ఖాళీ చేస్తాను.

ఒక రిజిస్టరు కూడా ఉంది. పేరు, గంట, మతం. నిన్న ఒకాయన లోపల కుర్చీలో గురక పెడుతున్నాడు. రిజిస్టరు పట్టుకెళ్లి "బాబూ, మతం?" అంటే కళ్లు తెరవకుండానే "నైట్ షిఫ్టు" అన్నాడు. అలాగే రాశాను.

అసలు సంగతికి వస్తాను. తలుపు పక్కన చెక్కపెట్టె ఉంది. రోగుల తాలూకు వాళ్లు కోరికలు చీటీల మీద రాసి అందులో వేస్తారు. పేర్లు రాయరు. శనివారం పెట్టె తెరిచి, చీటీలన్నీ ముక్కలు చేసే మెషినులో వెయ్యాలని నియమం. వాటిని ఎవరూ చదవరు. ఎవరో చదువుతారన్న ధైర్యంతోనే కదా వాళ్లు రాసేది! నాకైతే నమ్మకం లేదు. అయినా వాటిని ముక్కలు చెయ్యడానికి చేతులు రావడం లేదు. నీ ఆశ్రమంలో అన్ని మతాలవాళ్లూ పొద్దున్నే లేచి కూర్చుంటారు కదా. ఈ చీటీలు మీకు పనికొస్తాయా?

మీ అక్క

జనవరి 21

అక్కా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. పోట్లాడతానన్న ముక్క మాత్రం మింగేశాను. "నైట్ షిఫ్టు" దగ్గర మా పెద్దాయనకి, అదే మా ఆశ్రమం పెద్దకి, మంచినీళ్లు తాగుతుంటే పొలమారింది.

చీటీలు పంపు. ఇక్కడ దానికో పద్ధతి ఉంది. ఎవరు ఏ చీటీ తీస్తే అది వాళ్లది. నలభై రోజులు తెల్లవారుజామున దాని కోసమే కూర్చోవాలి. ఎవరిదని అడగకూడదు. ఇంకో నియమం కూడా ఉంది. చీటీలో అడిగినది మన చేతిలో ఉన్న పనైతే ప్రార్థించి ఊరుకోకూడదు, లేచి వెళ్లి చెయ్యాలి. పోయినేడు "మా నాన్నకి కళ్లు కనబడవు, పేపరు చదివి పెట్టే మనిషి కావాలి" అని చీటీ వచ్చింది. అది తీసిన వడ్రంగి అన్న నలభై రోజులూ సాయంత్రం నడిచి వెళ్లి పేపరు చదివాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు. ఆ ముసలాయన వార్తల మీద తిట్లు ఇక్కడ మాకు చెబుతాడు.

దీక్ష సంగతి. దాచలేదక్కా. ఎలా రాయాలో తెలియలేదు. దీక్ష తర్వాత మూడేళ్లు ఉత్తరాలు ఉండవు. ఇక్కడ ఫోను ఎలాగూ లేదు. నువ్వు బాధపడతావని తెలుసు. కానీ ఏడేళ్లయింది వచ్చి. ఇక తేల్చుకోవాలి.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 2

తమ్ముడూ,

"ఉత్తరాలు ఉండవు." ఎంత తేలిగ్గా రాశావురా. క్యాంటీను బోర్డు మీద "ఈరోజు కాఫీ లేదు" అని రాసినట్టు.

అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు, నాకు ఇరవై ఒకటి. ఇది లెక్క చెప్పడానికి కాదు. చెబితే నువ్వు "నేను అడిగానా?" అంటావు, నిజమే, అడగలేదు. చెప్పకుండానూ ఉండలేను. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

చీటీలు పంపుతున్నాను. అసలు కాగితాలు ఆసుపత్రి దాటి వెళ్లకూడదు. కాబట్టి అదే సైజు చీటీల మీద అన్నీ నా చేత్తో తిరగరాశాను. మొత్తం ముప్ఫై ఒకటి. అసలువి మెషినులో వేసేశాను. కొన్ని చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. "డాక్టరు గారికి నిద్ర ఇవ్వు, రేపు మా ఆయన ఆపరేషన్" అని ఒకావిడ. "నేను కోలుకుంటే మానేస్తానన్నవన్నీ మానేస్తాను, ఒక్క సిగరెట్టు తప్ప" అని ఇంకొకరు. ఆ రెండోది తీసిన మనిషి దేవుడితో బేరం ఆడుకోవాల్సిందే.

ఇంకో గొడవ. గదిలో గోడ గడియారం ఉండాలని నమాజు చేసే పెద్దలు, టిక్కుటిక్కు వినబడకూడదని ధ్యానం చేసేవాళ్లు. రోజుకి నాలుగుసార్లు దాన్ని తీసి అలమరలో పెడుతున్నాను, మళ్లీ తగిలిస్తున్నాను. నా చదువంతా ఆ మేకు దగ్గర ఉపయోగపడుతోంది.

దీక్ష మే రెండునేనా? ఇంకా మారలేదా? ఊరికే అడిగాను.

మీ అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

చీటీలు చేరాయి. నీ లెక్క తప్పు, ముప్ఫై ఒకటి కాదు, ముప్ఫై రెండు ఉన్నాయి. ఇక్కడ మేం సరిగ్గా ముప్ఫై రెండు మందిమి. ఒకరికి తక్కువ పడుతుందనుకున్నాం, సరిపోయాయి. ఫిలాసఫీ వాళ్లకి లెక్కలు రావని పెద్దాయనకి చెప్పాను.

పంతొమ్మిదో తారీకున తీశాం. చివరికి మిగిలింది నాకు వచ్చింది. దాని మీద ఏముందో రాస్తాను. నువ్వే తిరగరాశావు కాబట్టి నీకు గుర్తుండే ఉంటుంది. "వాణ్ణి నాకు తిరిగి ఇచ్చెయ్. నాకు వాడు తప్ప ఎవరూ లేరు." అంతే.

అక్కా, నీకొక్కదానికే చెబుతున్నాను. ఈ ఏడేళ్లలో నేను సరిగా ప్రార్థించింది లేదు. కూర్చుంటాను. మోకాళ్ల నొప్పి గురించి ఆలోచిస్తాను, పప్పు మాడిందేమోనని ఆలోచిస్తాను. అందరూ అంతేనేమో అనుకుంటూ నెట్టుకొచ్చాను. దీక్షకి ఒప్పుకున్నది కూడా ఇంకేం చెయ్యాలో తెలియకే. ఈ చీటీ తీసిన మర్నాటి నుంచి మాత్రం ఏదో అయింది. కూర్చోగానే ఆ తల్లో భార్యో ఎవరో నా ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. మోకాళ్లు గుర్తుకు రావడం లేదు. ఐదు రోజులుగా ఇదే.

ఎవరిదని అడగకూడదు, తెలుసు. ఏ వార్డు వాళ్లో మాత్రం చెప్పు. పిల్లవాడా? పెద్దవాడా?

నీ తమ్ముడు

మార్చి 5

తమ్ముడూ,

చీటీల మీద పేర్లుండవని చెప్పానుగా. ఏ వార్డో నాకేం తెలుస్తుంది? ఆసుపత్రిలో ఎనిమిది వందల పడకలు. ఆ మాట రాయని మనిషి ఒక్కరు లేరు ఇక్కడ.

అంతలా మునిగిపోకు. వేళకి తిను.

గడియారం గొడవ తీరింది. టిక్కుమనని గడియారం కొన్నారు. ఇప్పుడది నడుస్తోందో ఆగిందో తెలియడం లేదని కొత్త గొడవ.

పని ఉంది, ఆపుతున్నాను.

అక్క

మార్చి 19

అక్కా,

ఇది ఇరవై ఎనిమిదో రోజు. నీ ఉత్తరం ఎంత పొట్టిగా ఉందో నీకు తెలుసా? నువ్వు పాలవాడికి రాసే చీటీ కూడా అంతకంటే పొడుగ్గా ఉంటుంది.

పోయాడు కదా?

నాకు తెలుసు. ఆ గదికి రోజూ వచ్చే మనిషి రావడం మానేస్తే నీకు తెలియకుండా ఉండదు. నువ్వు గుర్తుపట్టావు, ఎవరో తెలుసుకున్నావు, వాళ్ల మనిషి పోయాడు, నాకు చెప్పలేక గడియారం గురించి రాశావు. అమ్మని ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఇలాగే చేశావు. "పిన్ని వాళ్లింటికి వెళ్లింది, వచ్చేస్తుంది" అన్నావు. పదకొండు రోజులు నేను గేటు దగ్గర కూర్చున్నాను. నీ మీద కోపం లేదు, నీకప్పుడు ఇరవై ఒక్కటే. కానీ ఇప్పుడు నాకు ముప్ఫై నాలుగు. గేటు దగ్గర కూర్చోబెట్టకు.

పెద్దాయనకి చెప్పాను. "చనిపోయినా మిగిలిన రోజులు కూర్చో" అన్నాడు. కూర్చుంటున్నాను. కానీ నా జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా అడిగినది ఇలా అయితే, మే రెండున నేను ఏ మొహంతో నిలబడాలి? దీక్ష మానుకోవడమే నిజాయితీ అనిపిస్తోంది.

ఒక్క ముక్క రాయి. ఉన్నాడా, లేడా?

తమ్ముడు

మార్చి 25

తమ్ముడూ,

ఉన్నాడు. బాగానే ఉన్నాడు. కొంచెం చిక్కి ఉంటాడు. మోకాళ్ల నొప్పి ఉందట.

ఆ చీటీ నాదిరా.

ముందు ఇది నమ్ము, కావాలని పంపలేదు. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నీ జనవరి ఉత్తరం వచ్చిన రోజు గది ఖాళీ చేశాక నేనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడేళ్లు ఉత్తరాలు ఉండవన్న మాటే బుర్రలో తిరుగుతోంది. ఎవరూ చూడకుండా ఒక చీటీ రాసి పెట్టెలో పడేశాను. నమ్మి కాదు. అంత మంది రాస్తున్నారు కదా, రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని. ఇది కూడా పూర్తిగా నిజం కాదు. ఏడ్చాను కూడా.

శనివారం చీటీలు తిరగరాస్తుంటే నమాజుకి వేళయింది, చాపలు వెయ్యాలి. బల్ల మీద కాగితాలన్నీ కలిసిపోయాయి. హడావిడిలో నా దస్తూరీ ఉన్నవన్నీ కవర్లో పెట్టాను, వేరే దస్తూరీలు ఉన్నవన్నీ మెషినులో వేశాను. నా చీటీ కూడా నా దస్తూరీయే కదా. అది మెషినులోకి పోయిందనే నెల రోజులు అనుకున్నాను. నీ లెక్కలో ముప్ఫై రెండు అని చదివినప్పుడు కూడా నవ్వుకున్నాను. రెండు లైన్లు దిగాక ఆ వాక్యం కనబడింది. అలమర తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో వచ్చి "అమ్మా, నీళ్లు తెమ్మంటారా?" అన్నారు.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఏడేళ్లలో మొదటిసారి ప్రార్థించానని రాశావు. ఆ తల్లి ఎవరో కాదు, నేనేనని చెబితే అది నవ్వులాటైపోతుందని భయపడ్డాను. దానికి తోడు ఇంకో లెక్క. చెబితే నీ మనసు విరిగి దీక్ష ఆగిపోవచ్చు. చెప్పకపోతే ఆ మనిషి పోయాడనుకుని విరుగుతుంది, అప్పుడూ ఆగిపోవచ్చు. ఎటు తిరిగినా నేను కోరుకున్నదే జరుగుతుంది. నువ్వు వచ్చేస్తావు. కానీ ఇలా వచ్చిన తమ్ముడి మొహం రోజూ భోజనాల బల్ల దగ్గర ఎలా చూడను?

అమ్మ విషయంలో నిన్ను పదకొండు రోజులు గేటు దగ్గర కూర్చోబెట్టాను. ఈసారి ఇరవై రోజులు. ఇంకొక్క రోజు కూడా వద్దని రాస్తున్నాను.

దీక్ష ఆపుకొమ్మని అనడం లేదు. ఆపుకోవద్దని కూడా అనలేకపోతున్నాను. తిట్టు, పర్వాలేదు. జవాబు మాత్రం రాయి.

అక్క

ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం ముప్ఫై తొమ్మిదో రోజు మధ్యాహ్నం వచ్చింది. చదివి కూరగాయల మడుల దగ్గరికి వెళ్లి, తవ్వాల్సిన దానికంటే రెండు మడులు ఎక్కువ తవ్వాను. వడ్రంగి అన్న "ఏంటోయ్, బావి తవ్వుతున్నావా?" అన్నాడు.

కోపం ఎందుకు వచ్చిందంటే, ఈ ముప్ఫై తొమ్మిది రోజులు ఎవరో ముక్కూ మొహం తెలియని తల్లి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాను. నీ కోసం ఈ ఏడేళ్లలో ఒక్క రోజు కూడా అలా కూర్చోలేదు. ఆ కోపం నీ మీదో నా మీదో తేల్చుకోవడానికి ఆ రెండు మడులు పట్టాయి.

నలభయ్యో రోజు కూర్చున్నాను. ఎవరి కోసమో తెలిసి కూర్చున్న ఒకే ఒక్క రోజు. "వాణ్ణి ఆమెకి తిరిగి ఇచ్చెయ్" అని అడిగాను. నన్ను ఇచ్చెయ్యమని నేనే అడగడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. నిజంగానే అడిగాను మాత్రం.

తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్లి నీ ఉత్తరం మొత్తం చదివాను. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "అంత నవ్వు దేనికండీ?" అంటే, "ఆవిడ అడిగింది నీ చేతిలో ఉన్న పనేగా? మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

"మరి దీక్ష?"

"తిరిగి ఇమ్మంది, ఇస్తున్నాం. ఆ తర్వాత ఆవిడ ఇష్టం, నీ ఇష్టం. నలభై రోజులు కూర్చుని నియమం మర్చిపోయావా?"

నియమం నియమమే. పన్నెండున వస్తున్నాను. సంచి ఒకటే. ఎన్నాళ్లని అడగకు, నాకు తెలియదు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 24

ఒరేయ్,

ఇది నీ సంచిలో చొక్కాల కింద పెడుతున్నాను. బస్సు కదిలాక దొరుకుతుంది. ఎదురుగా చెబితే సగంలో ఏదో జోకు వేసి ఆపేస్తాను. నా సంగతి నీకు తెలుసు.

నువ్వొచ్చి పన్నెండు రోజులు. మొదటి రెండు రోజులు నా గెలుపు చూసుకుని మురిసిపోయాను. పళ్లెం ఎదురుగా మనిషి ఉండటం, స్నానాల గదిలోంచి రాగం వినబడటం, తలుపు గడియ పెట్టావా అని అడగడానికి ఒకరుండటం. మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాను. చాపలు తప్పు వైపుకి పరిచి నమాజు పెద్దాయన చేత చీవాట్లు తిన్నావు. ఐసీయూ ముందు కూర్చునే ఆవిడ "మీరెవరు బాబూ?" అని అడిగితే, "ఈవిడ తమ్ముణ్ణండీ" అన్నావు. ఆశ్రమం పేరు ఎత్తలేదు. ఆ రోజంతా ఆ మాట మీదే నడిచాను.

కానీ రోజూ తెల్లవారుజామున వంటింట్లో స్టూలు వేసుకుని ఫ్రిజ్‌కి ఎదురుగా కూర్చునేవాడివి. నిద్ర పోతున్నాననుకున్నావు. తలుపు సందులోంచి చూసేదాన్ని. మొదట ఫ్రిజ్‌తో ఏం మాట్లాడుతున్నాడని నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఆ మొహం నాకు తెలుసు. రోజుకి ఇరవై సార్లు చూస్తాను ఆ గదిలో. వాళ్లలో ఎవర్నీ ఇంతవరకు "ఇక లేవండి" అనలేదు. టైమైపోయినా, బయట తర్వాతివాళ్లు నిలబడి ఉన్నా, గోడ పక్కన ఆగుతాను. అదొక్కటే నాకు బాగా వచ్చిన పని. మరి నిన్నొక్కణ్ణే లేవమని ఎలా అనను?

నువ్వు "వెళ్లనా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బహుశా వద్దనేదాన్ని. అందుకే నీ టికెట్టు నేనే కొన్నాను. నిన్న నువ్వు టికెట్టు చూసి వెళ్లి గిన్నెలు తోమావు. ఒకే గిన్నెని రెండుసార్లు తోమావు.

ఇక్కడ నాకు శాంతి కలిగిందనీ, వెలుగు కనబడిందనీ రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. ఇది రాస్తూ రెండుసార్లు లేచి నీ సంచి విప్పి మళ్లీ కట్టాను. దేవుడు ఉన్నాడో లేడో ఇప్పటికీ ఒక గంట అటు, ఒక గంట ఇటు. కానీ మీ నియమంలో ఒక సగం నాకూ అర్థమైంది. నువ్వు ఆ నలభై రోజులు అడిగింది నా కోసం. నువ్వు అడగకుండా ఊరుకున్నదాన్ని ఇవ్వడం నా చేతిలో ఉంది. ఇస్తున్నాను. తీసుకుంటావో లేదో నీ ఇష్టం. దీక్ష మానేసి మే మూడున మళ్లీ తలుపు కొట్టినా తీస్తాను, ఒక్క ప్రశ్న కూడా అడగను. అడుగుతాను, కానీ భోజనం అయ్యాక.

మొన్న మాటల్లో అన్నావు గుర్తుందా, మూడేళ్లు నువ్వు రాయకూడదు గానీ నీకు వచ్చినవి చదవకూడదని ఎక్కడా లేదని. జనవరి నుంచి నేను అది రెండు వైపులా అనుకుని కుమిలాను. సరిగ్గా రాసి ఏడవచ్చు కదరా! కాబట్టి నేను రాస్తూనే ఉంటాను. గడియారం సంగతులు, కొత్తగా వచ్చిన చాపల సంగతులు. జవాబు రాకపోయినా మళ్లీ సోమవారం వచ్చి చీటీకి కాగితం అడిగేవాళ్లని ఇన్ని నెలలుగా చూస్తున్నాను. ఎలా చేస్తారా అనుకునేదాన్ని. చూస్తాను, నాకూ చేతనవుతుందేమో.

మే రెండు పొద్దున్న ఆరింటికి ప్రార్థన గది ఎవరికీ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. ఆ గంట ఏం చేస్తానో తెలియదు. ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటానేమో. రిజిస్టర్లో పేరు రాశాను, గంట రాశాను. మతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. వెనక ఎవరో రిజిస్టరు కోసం నిలబడి దగ్గుతున్నారు. చివరికి "అక్క" అని రాసి ఇచ్చేశాను.

అక్క